పళ్ళెంలో పెట్టిన పరుగు

వాంతి చూస్తే నాకు రోత లేదు. ప్రభుత్వాసుపత్రిలో ఆయాగా పనిచేస్తాను. రక్తం, చీము, వాంతి, ఇంకా చెప్పుకోలేనివి అన్నీ ఈ చేతులతోనే ఎత్తి పారబోసి, ఫినాయిల్‌తో కడిగి, ఇంటికొచ్చి ఇదే చేత్తో అన్నం కలుపుకుని తింటాను. కడుపులో ఏమీ తిప్పదు. నాకు కడుపులో తిప్పేవి వేరే ఉన్నాయి. పూలు, పళ్ళు, పసుపు, కుంకుమ పెట్టి, మీద పట్టుగుడ్డ మడిచి పెట్టిన ఇత్తడి పళ్ళెం ఒకటి మా ఇంటికి వచ్చింది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నోట్లో పుల్లటి నీళ్ళు ఊరుతాయి.

ఆ పళ్ళెం సంగతి రాయాలనే కూర్చున్నాను. మా ఇంట్లో అందరూ తెలుగు మాట్లాడతారు, చదవగలిగేది మాత్రం నేనొక్కదాన్నే. మా ఆయన వాళ్ళు తాతముత్తాతల నాటినుంచి పుదుచ్చేరిలో ఉన్నవాళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, సంతకం ఇంగ్లీషులో. నేను సూళ్ళూరుపేట పక్కనుంచి వచ్చిన కోడల్ని గనక అక్షరాలు నా వెంట వచ్చాయి. నేనేం రాసినా ఆ వంశంలో ఒక్కరూ చదవలేరు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

మా అమ్మాయి పరుగెత్తుతుంది. మైదానం చుట్టూ రెండు చుట్లు, ఎనిమిది వందల మీటర్లు. గట్టుమీద కూర్చుని చూసేవాళ్ళకు అదేముందిలే అనిపిస్తుంది. మొదటి చుట్టు ఎవరైనా పరుగెత్తగలరు. రెండో చుట్టులో సగం దాటాక కాళ్ళు మన మాట వినవు, ఊపిరి ఆడదు, అక్కడే ఆగిపోతే ఎంత హాయి అని ఒళ్ళంతా బతిమాలుతుంది. అప్పుడు ఆగనిదే పరుగు అని అదే నాకు చెప్పింది. చెప్పినప్పుడు దానికి పద్నాలుగేళ్ళు లేవు.

దానికి జత మా ఆడపడుచు కూతురు. మా ఆయన అక్క బిడ్డ, మా దానికంటే ఏడాది పెద్దది. అరియాంకుప్పం నుంచి పొద్దున్నే మొదటి బస్సు ఎక్కి లాస్‌పేటలో మా ఇంటికొచ్చేది. ఇద్దరూ చెరో గ్లాసు రాగిజావ తాగి మైదానానికి పోయేవాళ్ళు. వరసకు వదినా మరదళ్ళు, ఇక ఎగతాళికి కొదవేముంది.

"ఏమే తాబేలూ, లేచినావా ఇంకా నిద్దరేనా?" అని గుమ్మంలోనే మొదలుపెట్టేది పెద్దది.

"పో వదినా, నిన్న నా వెనకాల దుమ్ము తిన్నావు గదా, కడుపు నిండిందా?" అనేది మాది.

మాటల్లో ఎంత సరసమో పరుగులో అంత కసి. ఒకరికొకరు గోరంత కూడా వదిలేవాళ్ళు కారు. ఒకనాడు ఇది ముందు, ఒకనాడు అది. దాన్ని గెలవాలని ఇది, దీన్ని గెలవాలని అది, అట్లా ఇద్దరూ ఒకరినొకరు పెంచుకున్నారు. నేను పెట్టిన తిండికంటే ఆ పంతమే వాళ్ళకు ఎక్కువ బలం ఇచ్చిందని నా నమ్మకం.

పోయిన ఏడాది పుదుచ్చేరి జట్టుకు ఎంపిక జరిగింది. ఆ పరుగుకు ఒక్కరికే చోటు. జట్టుతో పోయి వచ్చినవాళ్ళకు కాలేజీలో ఆటల కోటా కింద సీటుకు దారి దొరుకుతుంది. పెద్దదానికి ప్లస్ టూ, ఇక అదే చివరి అవకాశం. మాదానికి ఇంకో ఏడాది ఉంది. ఇంత చిన్న సంగతి చాలు, మా ఆడపడుచుకు బుర్రలో దీపం వెలిగింది.

మా ఆడపడుచు గురించి చెప్పాలి. ఆమె పుట్టింటికి వస్తే మా ఆయన కుర్చీలోంచి లేస్తాడు. ఏటేటా ఆమెకు తమ్ముడు చీర పెట్టాలి. మా పక్క దాన్ని సారె అంటాం, వీళ్ళు తమిళం కలిపి సీరు అంటారు. పుట్టింటి సీరు. ఇవ్వడానికి నాకేం బాధ లేదు, ఆడబిడ్డకు పెట్టుకోవడం మంచి మాటే. ఆ చీరను మడతలు విప్పి, అంచు నలిపి, వెలుగులో పట్టి, "సరి, ఏదో ఒకటి పెట్టినావు లే" అంటుంది చూడండి, అప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది.

ఎంపికకు వారం ముందు ఆమె వచ్చింది. మేము అన్నాలు తింటున్నాం. కాళ్ళు కడుక్కుని, మజ్జిగ తాగి, తమ్ముడి పక్కన పీట వేసుకుని కూర్చుంది.

"ఈ ఏడాది నాకు చీర వద్దు రా తమ్ముడా," అంది. "ఆ పరుగు ఇయ్యి చాలు."

నాకు ముందు అర్థం కాలేదు. మా ఆయనకు నాకంటే ముందే అర్థమైంది. వేళ్ళు నాకడం ఆపి అక్క వైపు చూశాడు.

"ఏంది వదినా, ఏం ఇచ్చేది?" అన్నాను నేను.

"నీ బిడ్డను కొంజం నిదానంగా పరుగెత్తమను. అంతే. నా బిడ్డకు ఇదే కడపటి ఛాన్సు. దీనికి వచ్చే ఏడాది ఉంది గదా. పుట్టింటి సీరు అనుకుని ఇచ్చేస్తే ఏం పోతుంది మీకు?"

"పరుగేమన్నా దోసెపిండా వదినా, గిన్నెలో పోసి ఇచ్చేదానికి? వాళ్ళిద్దరూ పరుగెత్తుతారు, గెలిచింది పోతుంది."

"నీకేం తెలుసు మే, బయటనుంచి వచ్చినదానివి. ఈ ఇంటి ఆడబిడ్డ నోరు తెరిచి అడిగితే ఎవరూ లేదనలేదు ఇంతవరకు."

మా ఆయన వైపు చూశాను. ఆయన కరెంటు డిపార్ట్‌మెంటులో వైర్‌మన్. ఊరందరి ఇళ్ళకూ వెలుగిచ్చే మనిషి, మా వంటింట్లో స్విచ్చుబోర్డు మాత్రం రెండేళ్ళుగా గోడనుంచి ఊడి వైర్లకు వేలాడుతోంది. బిగించమని అడిగితే "పోనీలే, వెలుగుతోంది గదా" అంటాడు. ఆయన బతుకంతా ఆ ఒక్క మాటమీదే నడుస్తుంది. కొళాయి కారితే పోనీలే. ప్రమోషను పక్కవాడికి పోతే పోనీలే. ఏ పనైనా ముప్పాతిక చేసి చెయ్యి దులుపుకోవడం. ఆ రోజు కూడా కంచంలోకి చూస్తూ అదే అన్నాడు.

"పోనీలే. చిన్నదానికి ఇంకో ఏడాది ఉంది గదా."

ఛీ అనిపించింది. పక్కనే కూర్చుని తింటున్న కూతుర్ని ఒక్క మాట అడగలేదు వాళ్ళు. దాని కాళ్ళు, దాని ఊపిరి, పొద్దున పొద్దున్నే అది పోసిన చెమట, అన్నీ ఆ అక్కాతమ్ముళ్ళు పంచుకోవాల్సిన ఆస్తి అయినట్టు మాట్లాడుకుంటున్నారు. మా అమ్మాయి మాత్రం అన్నం పూర్తిగా తిని, కంచం కడిగి బోర్లించి వచ్చి, "నేను పరుగెత్తుతా అత్తా" అంది. అంతే.

"చూసినావా, బంగారం!" అని మా ఆడపడుచు దాని బుగ్గలు పుణికి మెటికలు విరిచింది. ఏం వినాలనుకుందో అదే వినిపించింది ఆమెకు.

ఆమె పోయాక నేను అడిగాను, "ఏం చేస్తావే?" అని.

"ఏముందమ్మా చేసేదానికి? వదిన నన్ను గెలవాల. నేను ఇచ్చేది కాదు అది. ఇచ్చినానని తెలిస్తే మళ్ళా నా పక్కన నిలబడదు ఆమె."

పెద్దదానికి ఈ బేరం సంగతి తెలియదు. వాళ్ళమ్మ చెప్పలేదు.

ఎంపిక రోజు నేను డ్యూటీ దిగి యూనిఫారం చీరతోనే నేరుగా స్టేడియానికి పోయాను. మా ఇంటినుంచి వచ్చింది నేనొక్కదాన్నే. పరుగును దానం అడిగిన ఆడపడుచు రాలేదు. దానం చేసిన తమ్ముడూ రాలేదు. ఆ పిల్లలు పరుగెత్తడం వాళ్ళు పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా చూసినవాళ్ళు కారు. పనికిమాలిన ఎండ అంటారు, దుమ్ము అంటారు. చూడనిదాన్ని పంచుకోవడానికి మాత్రం ముందుంటారు.

సముద్రం వైపునుంచి గాలి వీస్తోంది. మొదటి చుట్టంతా మాది ముందుంది. రెండో చుట్టు సగంలో మిగతా పిల్లలు వెనకబడ్డారు, ఇక వీళ్ళిద్దరే. చివరి మలుపులో పెద్దది పక్కకొచ్చింది. మాది పళ్ళు బిగించింది, మెడ నరాలు లేచాయి, నోరు ఒక పక్కకు లాగేసింది. కన్నతల్లిని, నేనే చూడలేకపోయాను ఆ ముఖాన్ని. గీత దగ్గర పెద్దది ఒక్క భుజమంత ముందు పడింది. మాది గీత దాటి నాలుగడుగులు వేసి కూలబడి వాంతి చేసుకుంది.

పరుగెత్తుకుంటూ పోయి కొంగుతో మూతి తుడిచాను. పెద్దది పక్కనే వెల్లకిలా పడి ఉంది. ఊపిరి తీసుకోలేక ఎగరొప్పుతూనే చెయ్యి చాచి దీని వేళ్ళు పట్టుకుంది. కోచ్ గడియారం పట్టుకొచ్చి నాకు చూపించి, మీ అమ్మాయి ఇంత వేగంగా ఇంతవరకు ఎప్పుడూ పరుగెత్తలేదమ్మా అని తమిళంలో చెప్పాడు. ఓడిపోయిందని నాకు గుండె పిండినట్టే ఉంది. అయినా ఆ గడ్డిమీద ఆ ఇద్దర్నీ చూస్తే నా కడుపు నిండింది. దాచుకున్నదేమీ లేదు ఆ పిల్లల దగ్గర, మొత్తం ఊడ్చి అక్కడే పెట్టేశారు.

సాయంత్రం పళ్ళెం వచ్చింది.

ఆటో దిగి, మా ఆడపడుచు పళ్ళేన్ని రెండు చేతులా పట్టుకుని వీధిలో అందరూ చూసేలా నడిచి వచ్చింది. మల్లెపూలు, యాపిల్ పళ్ళు, మిఠాయి డబ్బా, మీద మావిడిపండు రంగు పట్టు పావడ గుడ్డ. మా అమ్మాయి ఇంకా నీరసంగా చాపమీద పడుకుని ఉంది.

"లే తల్లీ. నా తమ్ముడి బిడ్డ మాట నిలబెట్టింది. తీసుకో."

"నేను ఏమీ వదల్లేదు అత్తా," అంది మాది లేచి కూర్చుని. "వదినే గెలిచింది."

"అబ్బబ్బ, ఎంత బుద్ధి! చేసి గూడా చెప్పుకోదు చూడు!"

"లేదు వదినా, నేను కళ్ళారా చూసినాను," అన్నాను. "ప్రాణం పోయేట్టు పరుగెత్తింది. వాంతి కూడా చేసుకుంది."

"వాంతి గూడానా? అయ్యో పావం. ఎవరికీ అనుమానం రాకుండా ఎంత బాగా చేసిందే!"

ఏం చెప్తారు ఆ మనిషికి? కాదంటే వినయం అంటుంది. ప్రమాణం చేస్తే ఇంకా గొప్ప మనసు అంటుంది. కోచ్ గడియారం సంగతి ఎత్తితే "గడియారానికేం తెలుసు మే మనింటి సంగతులు" అంది. మా ఆయన గోడకు ఆనుకుని నవ్వుతూ, "పోనీలే, తీసుకో. అత్త అంత ఆశగా తెచ్చింది గదా" అన్నాడు. వంగి కూతురి తలమీద చెయ్యి పెట్టి, "మంచి పని చేసినావు" అన్నాడు.

ఆ పిల్ల ముఖం చూడాల్సింది మీరు. నాన్న తనను మెచ్చుకోవడం దానికి అదే మొదటిసారి. అదీ తను చెయ్యని పనికి. లేచి పెరట్లోకి పోయింది. పొద్దున పరుగుకు కక్కింది, సాయంత్రం ఈ పొగడ్తకు కక్కింది. రెండోసారి కడిగేటప్పుడే నాకు నిజంగా రోత పుట్టింది.

తర్వాతి రోజులు ఇంకా అసహ్యం. మా ఆడపడుచు నోరు ఊరుకునేది కాదు గదా, బంధువులందరికీ ఫోన్లు చేసి చెప్పింది. వీధిలో కనిపించినవాళ్ళల్లా మా అమ్మాయి గడ్డం పట్టుకుని, వదినకోసం ఎంత త్యాగం చేసినావే అంటున్నారు. ఎదురింటామె తన కూతుళ్ళకు దీన్ని చూపించి బుద్ధి చెప్పింది. థూ! ఓడినదాన్ని ఓడనివ్వలేదు, గెలిచినదాన్ని గెలవనివ్వలేదు. సగం బతుకు బతికేవాళ్ళకు ఎవరైనా నిండుగా ఒక పని చేశారంటే నమ్మబుద్ధి కాదేమో. అందులో ఏదో మతలబు ఉంటేనే వాళ్ళకు నిమ్మళం.

మాది మైదానానికి పోవడం మానేసింది. పొద్దున్నే మెలకువ వచ్చినా గోడ వైపు తిరిగి పడుకునేది. బూట్లు గుమ్మం దగ్గర అట్లాగే ఉన్నాయి. "ఎంత పరుగెత్తితే ఏముందమ్మా? గెలిచినా ఎవరో ఇచ్చినారంటారు. ఓడినా నేనే ఇచ్చినానంటారు," అంది. ఆ పిల్ల మళ్ళీ పరుగెత్తుతుందా లేదా అన్నదే నా భయం. జట్టులో చోటు పోతే పోయింది, వచ్చే ఏడాది వస్తుంది. ఇది పోతే మళ్ళీ ఎక్కడినుంచి తెచ్చిపెట్టేది?

శనివారం పెద్దది వచ్చింది. గుమ్మంలో తాబేలూ అని పిలవలేదు. లోపలికొచ్చి దీని ఎదురుగా నిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"మా అమ్మ ఏందో చెప్తా ఉంది. నిజం చెప్పవే. వదిలిపెట్టినావా?"

మాది చాపమీద లేచి కూర్చుంది.

"నువ్వు గూడానా వదినా?" అంది.

పెద్దది బొటబొటా కన్నీళ్ళు కార్చింది. "నా పక్కన పరుగెత్తినావు, నాకు తెలుసు. తెలిసినా, రాత్రంతా అదే నెత్తిలో తిరగతా ఉంది. నేను గెలిచినానో, మా అమ్మ అడుక్కొచ్చిందో నాకు తెలియాల. లేకుంటే నేను జట్టుతో పోను."

ఇక నేను ఆగలేకపోయాను. "రేపు పొద్దున ఇద్దరూ బూట్లు వేసుకోండి," అన్నాను. "మీ అమ్మను నేను తీసుకొస్తాను."

పరుగు చూడ్డానికి రమ్మంటే ఆమె రాదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకు ఏమంటే వస్తుందో కూడా తెలుసు. పళ్ళెం ఉన్నది ఉన్నట్టు బస్సులో అరియాంకుప్పం తీసుకుపోయి ఆమె ముందు పెట్టాను. పూలు మాత్రం కొత్తవి కొన్నాను.

"ఏంది మే, తిరిగి తెచ్చినావు?" అంది ముఖం చిట్లించి.

"ఇంటి లోపల ఇస్తే ఏం గొప్ప వదినా? రేపు ఆదివారం, మైదానంలో వాకింగుకు ఊరంతా వస్తారు. పిల్ల పరుగెత్తే చోటనే నలుగురి ముందు నీ చేత్తో ఇయ్యి. నీకు పేరు."

"అదీ సరే," అంది. ముఖం వికసించింది.

పట్టుచీర కట్టుకుని, తలనిండా పూలు పెట్టుకుని వచ్చింది మహాతల్లి. గట్టుమీద కొంగు పరుచుకుని కూర్చుని పళ్ళెం ఒళ్ళో పెట్టుకుంది. పిల్లలిద్దరూ గీత దగ్గర నిలబడి ఉన్నారు. "ఏంది, మళ్ళా పరుగెత్తుతారా?" అంది. "ఊరికే, సరదాకి" అన్నాను. చేతులు చరిచాను. ఇద్దరూ దూకారు.

మొదటి చుట్టులో ఆమె నాకు మల్లెపూల ధర చెబుతోంది. రెండో చుట్టు మొదలయ్యేసరికి మాటలు ఆగిపోయాయి. మాది ముందు, పెద్దది వెనక. దూరంనుంచి కూడా వాళ్ళ ఊపిరి వినిపిస్తోంది. నడిచేవాళ్ళు ఆగి చూస్తున్నారు. మలుపు దగ్గర పెద్దది దాటింది. వాళ్ళమ్మ హమ్మయ్య అంది. అంతలో మాది మళ్ళీ పక్కకొచ్చింది, తల ఊగుతోంది, అయినా తగ్గలేదు, అంగుళం అంగుళం ముందుకు జరుగుతోంది. మా ఆడపడుచు లేచి నిలబడింది. ఒళ్ళోంచి యాపిల్ పళ్ళు గట్టు దిగి దొర్లిపోయాయి.

"పరుగెత్తవే! పరుగెత్తు! దాన్ని రానీయొద్దే!" అని గొంతు చించుకుంది. "అయ్యో, దాటేస్తా ఉందే!"

ఈసారీ పెద్దదే ముందు గీత దాటింది, అరచెయ్యంత. మాది ఆగలేక గట్టుదాకా వచ్చి, సరిగ్గా అత్త కాళ్ళ దగ్గర మోకాళ్ళమీద పడి, భళ్ళున వాంతి చేసుకుంది. పట్టుచీర అంచు తడిసింది.

"ఛీ ఛీ ఛీ!" అని ఎగిరి పక్కకు దూకింది ఆమె. అంచు దులుపుకుంటూ దాని ముఖంలోకి చూసింది. ఆ ఎర్రటి కళ్ళు, ఆ వణికే గడ్డం, ముక్కునుంచి కారే నీళ్ళు. మొదటిసారి చూసింది అనుకుంటాను. నెమ్మదిగా ఆమె ముఖం రంగు మారింది.

"ఏమ్మే," అంది నాతో. "అంటే ఆ రోజు గూడా ఇది ఇట్లనే పరుగెత్తిందా?"

"ఇట్లనే వదినా. ఇంకా ఎక్కువ."

"అంటే నా బిడ్డ సీటు లాక్కోవాలనే చూసిందన్నమాట! నేను అంత నోరు తెరిచి అడిగితే! సొంత మేనత్తనని గూడా లేకుండా! పళ్ళెం వేరే తెచ్చినానే ఈ కడుపులో కత్తికి!"

పట్టుగుడ్డను లాక్కుని చంకలో పెట్టుకుంది. మిఠాయి డబ్బా తీసుకుంది. గట్టు కింద దొర్లిన పళ్ళను కూడా వంగి ఏరుకుంది. వెనక్కి తిరిగి చూడకుండా, దారిపొడుగునా మమ్మల్ని తిట్టుకుంటూ ఆటో దగ్గరికి నడిచింది. పెద్దది గడ్డిలో పడుకుని పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

నేను కొంగు తడిపి మా అమ్మాయి మూతి తుడిచాను. అది నా చెయ్యి పట్టుకుంది. పోతున్న ఆటో వైపే చూస్తోంది. ముఖం వెలిగిపోతోంది.

"అమ్మా, అత్త తిట్టింది!" అంది. "నన్ను తిట్టింది గదమ్మా!"